చేప బతికే ఉంది

పోయిన ఏడాది డాక్టరు నా మందు డోసు తగ్గించారు. దిగులుకి ఇచ్చే ఎస్సిటలోప్రామ్ పది మిల్లీగ్రాములది వేసుకునేదాన్ని, ఐదుకి మార్చారు. పాత బిళ్లలు ఇంకా రెండు స్ట్రిప్పుల పైనే మిగిలాయి. అవెప్పుడూ నా అలమరలో చీరల కింద పేపర్లో చుట్టి ఉండేవి, ఎందుకంటే పక్కింటావిడ మా ఇంట్లోకి చనువుగా వచ్చేస్తుంది, ఆవిడ కంట పడతాయేమోనని అమ్మ భయం. ఆ సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి అమ్మ బాత్రూమ్ గుమ్మం దగ్గర పీట వేసుక్కూర్చుని, ఒక్కో బిళ్లనీ రేకులోంచి బొటనవేలితో నొక్కి తీసి లోపల పడేస్తోంది. టప్‌మని ఒక చప్పుడు, కాసేపాగి మళ్లీ టప్. అన్నీ అయ్యాక చెంబుడు నీళ్లు పోసింది. ఖాళీ రేకుల మీద పేరు కనపడకుండా కత్తెరతో ముక్కలు ముక్కలు చేసి అప్పుడు చెత్తబుట్టలో వేసింది.

"అలా నీళ్లలో పడేయకూడదమ్మా, అవి ఎక్కడో ఒకచోట చెరువులోనో ఏట్లోనో కలుస్తాయి, చేపల మీద కూడా పనిచేస్తాయి" అన్నాను.

అమ్మ చెంబు పట్టుకుని నా వంక చూసింది. "చేపలకి కూడా బెంగుంటాదేటి?" అంది.

నిజంగానే అడిగింది. నేను శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను, చేప గుండెకి ఎన్ని గదులో నిద్రలో లేపి అడిగినా చెప్తాను, కానీ ఈ ప్రశ్నకి ఆ క్షణాన నా దగ్గర సరైన జవాబు లేదు. అప్పటి నుంచి దొరికిందల్లా చదువుతూ వచ్చాను. ఇది అమ్మకి చెప్పాల్సిన జవాబే, కాస్త పొడుగైంది.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. మూడేళ్ల కిందట నేను లోపల పూర్తిగా ఆగిపోయాను. బయటికి మాత్రం ఏమీ ఆగలేదు. తినేదాన్ని, తొమ్మిదిన్నరకి కాలేజీలో ఉండేదాన్ని, పేపర్లు దిద్దేదాన్ని, పెళ్లిళ్లకి వెళ్లి అక్షింతలు వేసి వచ్చేదాన్ని. అందుకే ఎవరూ ఏమీ అనుకోలేదు. ఒకసారి ధైర్యం చేసి బాగోలేదని చెప్తే మా మేనత్త "తింటున్నావు, ఉద్యోగం చేస్తున్నావు, బాగానే ఉన్నావు కదమ్మా" అంది, ప్రేమగానే. చివరికి ఊళ్లో అయితే తెలిసినవాళ్లు కనపడతారని విశాఖపట్నం వెళ్లి చూపించుకున్నాను. మందు మొదలుపెట్టిన మొదటి వారం వికారం, నిద్ర పట్టకపోవడం. నాలుగో వారం దాటాక ఒక రోజు పొద్దున్న టీ రుచిగా అనిపించింది. అంతే, పెద్ద వెలుగేమీ రాలేదు, టీ రుచి తెలిసింది.

ఈ మందులు చేసే పని చెప్పుకోవడానికి సులువే. మెదడులో ఒక రకం నరకణం పక్క కణానికి కబురు పంపాలంటే మధ్యలో ఉన్న సన్నని ఖాళీలోకి సెరటోనిన్ అనే రసాయనం వదులుతుంది. పని అయ్యాక ఆ సెరటోనిన్‌ని మళ్లీ లోపలికి లాక్కోవడానికి ఒక ప్రొటీన్ ఉంటుంది. ఆ లాక్కునే దారికి ఈ మందు అడ్డం పడుతుంది, దాంతో సెరటోనిన్ ఆ ఖాళీలో ఎక్కువసేపు నిలుస్తుంది. అడ్డం పడటం కొన్ని గంటల్లోనే జరిగిపోతుంది కానీ మనిషికి తేడా తెలియడానికి వారాలు పడుతుంది, ఎందుకంటే ఆ తర్వాత మెదడు తనను తాను నెమ్మదిగా సర్దుకోవాలి. ఫ్లూఓక్సెటీన్, అంటే ప్రోజాక్ పేరుతో అమెరికాలో 1987 డిసెంబరులో అనుమతి పొందిన మందు, సెర్ట్రలీన్, నేను వేసుకునేది, అన్నీ ఈ కుటుంబంవే.

ఆ లాక్కునే ప్రొటీన్ చేపల్లోనూ ఉంది. మనకీ చేపలకీ ఉన్న ఉమ్మడి పూర్వీకుడు 40 కోట్ల ఏళ్లకి పైబడిన వాడు, అయినా ఈ ఏర్పాటు చెక్కుచెదరలేదు. జీబ్రా చేపకైతే దీనికి ఒకటి కాదు, రెండు జన్యువులున్నాయి. అంతేకాదు, గాభరా పడినప్పుడు మన ఒంట్లో ఊరే కార్టిసాలే దాని ఒంట్లోనూ ఊరుతుంది. కాబట్టి మందు బిళ్లకి ఎదురుగా ఉన్నది చేపా మనిషా అనేది తెలియదు, తాళం ఒకటే కాబట్టి తాళంచెవి తిరుగుతుంది.

మా ల్యాబ్‌లో ఆరు జీబ్రా చేపలున్నాయి. వేలిలో సగం పొడవు, ఒంటి మీద పొడుగ్గా నీలం చారలు, అక్వేరియం షాపులో జీబ్రా డానియో అని అడిగితే ఇస్తారు. ప్రపంచమంతా ల్యాబుల్లో పెంచుతున్నారు గానీ ఇది మన వైపు చేపే, దక్షిణాసియా వాగుల్లో, వరి చేల నీళ్లలో పుట్టి పెరిగేది. పిల్లలకి ఒక పరీక్ష చూపించాను. ఏ మందూ వేయలేదు, ఊరికే చూశాం. చిన్న వలగుడ్డతో ఒక చేపని తీసి, అది ఎన్నడూ చూడని ఖాళీ గాజు తొట్టిలో వదిలాను. అది ఒక్క ఉదుటున అడుగుకి వెళ్లిపోయింది. అక్కడ మూలకి చేరి కదలకుండా ఉంది, మొప్పలు మాత్రం టకటకా కొట్టుకుంటున్నాయి, కన్ను మా వైపే ఉంది. ఒకటిన్నర నిమిషానికి అరచేయంత దూరం ముందుకి ఈది మళ్లీ మూలకి వచ్చేసింది. తర్వాత అడుగునే గోడ పట్టుకుని ఒక చుట్టు తిరిగింది. నాలుగో నిమిషం గడుస్తుండగా మెల్లగా మధ్య నీళ్లలోకి లేచింది. వెనక బెంచీలో ఎప్పుడూ ఫోన్ చూసుకునే కుర్రాడు అప్పుడు ఊపిరి వదిలాడు, అంతసేపూ తను బిగబట్టినట్టు తనకే తెలియలేదు.

శాస్త్రవేత్తలు కొలిచేది కూడా సరిగ్గా ఇదే, కొత్త తొట్టిలో అడుగున ఎంతసేపుంది, ఎప్పుడు పైకొచ్చింది. రెండు వారాలు ఫ్లూఓక్సెటీన్ కలిపిన నీళ్లలో ఉన్న జీబ్రా చేపలు త్వరగా పైకి వచ్చేస్తాయి, వాటి కార్టిసాల్ కూడా తక్కువగా ఉంటుంది. కొత్త మందుల్ని మనుషులకి ఇవ్వకముందు చూసే పరీక్షల్లో ఇదొకటైంది.

కానీ నన్ను కదిలించింది 2013లో అచ్చయిన ఇంకో పరిశోధన. కార్టిసాల్ కబురు అందుకునే గ్రాహకం పాడైన జీబ్రా చేపల్ని తీసుకున్నారు. గాభరా మొదలైతే "ఇక చాలు" అని ఆపే బ్రేకు వాటికి లేదన్నమాట. ఆ చేపలు కొత్త తొట్టిలో బిగుసుకుపోయేవి, మామూలు చేపలు అలవాటు పడిపోయినట్టు మళ్లీ మళ్లీ వదిలినా ఇవి అలవాటు పడేవి కావు. నీళ్లలో ఫ్లూఓక్సెటీన్ కలిపితే మళ్లీ మామూలుగా ఈదాయి. ఆందోళన తగ్గించే డయాజిపామ్ కలిపినా అంతే. ఇంకొకటి కూడా పనిచేసింది, గాజుకి అవతల వేరే జీబ్రా చేప కనపడటం. దాన్ని చూస్తే చాలు ఇది కదిలేది. ఆ వాక్యం చదివాక నేను కాసేపు ఇంకేమీ చదవలేకపోయాను. ఆ చెడ్డ రోజుల్లో మా చెల్లి రోజూ రాత్రి వీడియో కాల్ పెట్టి, ఏమీ మాట్లాడకుండా, తన పని తను చేసుకుంటూ ఫోన్ గోడకి ఆనించి ఉంచేది.

అయితే చేపకి బెంగ ఉందని అమ్మకి చెప్పొచ్చా? గాభరా ఉంది, బిగుసుకుపోవడం ఉంది, తేరుకోలేకపోవడం కూడా ఉంది, అంతవరకూ గట్టిగా చెప్తాను. మనం దిగులనేదానిలో నిన్నటి మాటలు, రేపటి భయాలు, మేనత్త అన్న మాట, ఇవన్నీ కలిసి ఉంటాయి. చేపని ఆ మాట అడగలేం, అది ఈదే తీరు చూసి చెప్పగలిగినంతే చెప్పాలి.

ఇప్పుడు నీళ్ల సంగతి. అమ్మ పారేసిన రెండు డజన్ల బిళ్లలు అసలు పెద్ద లెక్కలోవి కాదు. మనం మింగిన మందులో కొంత భాగం మారకుండానే మూత్రంలో బయటికి పోతుంది, ఫ్లూఓక్సెటీన్ లాంటివి కాలేయంలో మారాక కూడా పనిచేసే గుణం పోగొట్టుకోవు. మురుగు శుద్ధి చేసే ప్లాంట్లు వీటిని పూర్తిగా పట్టలేవు, వాటిని కట్టింది ఇందుకోసం కాదు. టెక్సస్‌లో శుద్ధి చేసిన మురుగు నీళ్లే ఎక్కువగా పారే ఒక వాగులో చేపల్ని పట్టి చూస్తే వాటి మెదడులో, కాలేయంలో, కండలో ఫ్లూఓక్సెటీన్, సెర్ట్రలీన్ కనపడ్డాయని 2005లో రాశారు. మన ఊళ్లలో ఇళ్లకి ఎక్కువగా సెప్టిక్ ట్యాంకులే, కాలువలు మాత్రం ఎటు తిరిగినా చివరికి ఏదో గెడ్డలోకో ఏట్లోకో చేరతాయి.

ఆ కొద్దిపాటి మందుకి చేప ఏమవుతుంది? స్వీడన్‌లో 2013లో పెర్చ్ అనే చేపల మీద ఆక్సజెపామ్ ప్రయోగం చేశారు, ఇది దిగులు మందు కాదు, ఆందోళనకి ఇచ్చేది. ఆ నీళ్లలో ఉన్న చేపలు జంకు వదిలేశాయి, గుంపుని విడిచి ఒంటరిగా తిరిగాయి, తిండి గబగబా తిన్నాయి. అదే దేశంలో అలాంటిదే క్లోబజామ్ అనే మందు ఇచ్చిన సాల్మన్ పిల్లలు ఏట్లో ఆనకట్టలు త్వరగా దాటి, మామూలు వాటికన్నా ఎక్కువ సంఖ్యలో సముద్రానికి చేరాయని 2025లో రాశారు. పేపర్లవాళ్లు దాన్ని మంచి వార్తలా వేశారు. నాకలా అనిపించలేదు. అదే పనిలో ల్యాబులో చూసినప్పుడు, వేటాడే చేప దగ్గర్లో ఉన్నా ఆ పిల్లలు ఒకదాన్నొకటి అంటుకుని గుంపు కట్టలేదు.

అమ్మమ్మగారి ఊరి గెడ్డ పక్కన కూర్చున్నవాళ్లెవరికైనా ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. లకుముకి పిట్ట కొమ్మ మీద వాలిందంటే, దాని నీడ నీళ్ల మీద కదిలిందంటే, పరిగలన్నీ ఒక్కసారిగా మాయమైపోతాయి. ఒక్కటి ఆలస్యమైతే అదే పిట్ట నోట్లో ఉంటుంది. నా భయం వేరు. నా భయం పిట్ట లేని చోట కూడా నీడ చూసేది, ప్రిన్సిపాల్ పిలిస్తే గుండె గొంతులోకి వచ్చేది, ఫోన్ మోగితే చెమట పట్టేది. ఆ భయాన్ని తగ్గించడమే వైద్యం. చేపకి ఉన్న భయం దాని ప్రాణానికి కాపలా. మందు ఒకటే, తాళం ఒకటే, నాకు తెరుచుకున్న తలుపు దానికి మాత్రం ఇంటి వెనక తలుపు, దొంగ వచ్చే తలుపు.

ఆస్ట్రేలియాలో గప్పీ చేపల్ని రెండేళ్ల పాటు, తరాల తరబడి ఫ్లూఓక్సెటీన్ ఉన్న నీళ్లలో పెంచి చూసిన పని ఒకటుంది, 2021లో వచ్చింది. మామూలుగా గప్పీల్లో ఒకటి చురుకు, ఒకటి నిదానం, దేని తీరు దానిది. మందు నీళ్లలో పెరిగిన వాటిలో ఆ తేడాలు తగ్గిపోయాయి, అన్నీ ఒకేలా ప్రవర్తించడం మొదలైంది. ఇది చదివినప్పుడు నా సంగతే గుర్తొచ్చింది. మందు వేసుకున్న రెండో ఏడాది మా చిన్న తాతయ్య పోయారు. నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని అరసవల్లి తీసుకెళ్లిన మనిషి. అందరూ ఏడుస్తున్నారు, నాకు కన్నీళ్లు రాలేదు. బాధ ఉందని తెలుసు, అది గాజుకి అవతల ఉంది. డాక్టరుకి చెప్తే ఇది ఈ మందుల్లో కొంతమందికి మామూలేనని చెప్పి, ఆలోచించి డోసు తగ్గించారు. గప్పీలకి జరిగిందీ నాకు జరిగిందీ ఒకటేనని నేను అనను, వాటి ప్రయోగం కొలిచింది కదలికని, కన్నీళ్లని కాదు. కానీ నేను వెళ్లి చెప్పుకోగలిగాను, చెప్తే తగ్గించారు. ఈ ఒక్క తేడా దగ్గర మనిషీ చేపా చాలా దూరమైపోతారు.

ఇక్కడ రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే నేనూ వాట్సాప్ వీడియోల్లా భయపెట్టినట్టే. నదుల్లో ఈ మందులు సాధారణంగా లీటరుకి నానోగ్రాముల్లో ఉంటాయి, అంటే గ్రాములో వంద కోట్లో వంతులు. 2014లో ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు ఫ్యాట్‌హెడ్ మిన్నో చేపల్ని వేర్వేరు మోతాదుల ఫ్లూఓక్సెటీన్‌లో ఉంచి, నీళ్లలో ఎంతుందనే కాకుండా చేప రక్తంలో ఎంతుందని కూడా కొలిచారు. రక్తంలో మందు మనుషులకి పనిచేసే స్థాయిని దాటినప్పుడే చేపలో గాభరా తగ్గింది. నాకు చాలా నచ్చిన పని ఇది, చేపనీ మనిషినీ పోల్చాలంటే ఇలా పోల్చాలి. మామూలు నదిలో ఆ స్థాయి రావడం కష్టం. అదే సమయంలో అంతకన్నా చాలా తక్కువలో కూడా మార్పులు చూశామనే ప్రయోగాలున్నాయి, అవన్నీ ఒకదానితో ఒకటి సరిపోలవని ఎత్తి చూపినవాళ్లూ ఉన్నారు. నాకైతే తక్కువ మోతాదు జీవితాంతం ఉంటే అనేదే అసలు ప్రశ్న, గప్పీల పని అందుకే పక్కన పెట్టలేను.

కళింగపట్నం దగ్గరుండే మా పిన్ని కూడా సెర్ట్రలీన్ వేసుకుంటుంది. ఎవరో "ఈ మందులకి చేపలకే పిచ్చెక్కుతోంది" అని వీడియో పంపితే ఒక్కరోజులో మానేసింది. నాలుగు రోజులకి తల తిరుగుడు, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, అకారణంగా ఏడుపు. రోగం తిరగబెట్టిందనుకుంది, కానీ అది ఉన్నట్టుండి మానేసినందుకు ఒళ్లు చేసే గొడవ. ఈ మందులు తగ్గించాలంటే డాక్టరు చెప్పినట్టు మెట్టు మెట్టుగా దిగాలి. డాక్టరు అందకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. పిన్నికి ఆ నంబరు నేనే సేవ్ చేసి పెట్టాను. చేపలకి ఏదో అయిందని ఎవరూ తమ బిళ్ల మానేయకండి, ఆ మందు చేపకి వద్దు, మీకు రాసిన మందు మీకు కావాలి.

అలాగే చేపలు తినొచ్చా అని అడిగింది పిన్ని. లెక్క వేసి చూపించాను. చేప కండలో గ్రాముకి ఒక నానోగ్రాము మందు ఉందనుకో, కిలో చేపలో ఒక మైక్రోగ్రాము. నా పాత బిళ్లలో పది వేల మైక్రోగ్రాములుండేవి. ఆ ఒక్క బిళ్లకి సరిపడా మందు కావాలంటే పది టన్నుల చేపలు తినాలి. పిన్ని ఆ ఆదివారం కోనాం చేప వండింది.

నా దిగులు నదిలో మామూలుగా కలిసే నానోగ్రాముల గురించి కన్నా మందులు తయారయ్యే చోట్ల గురించి ఎక్కువ. పటాన్‌చెరు దగ్గర 90 దాకా మందుల కంపెనీల నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు బయటికి వదిలిన నీళ్లని పరీక్షించి 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అచ్చువేశారు. అందరూ అందులో ఉన్న సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ గురించే మాట్లాడారు, లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది కాబట్టి. అదే పట్టికలో కిందికి వెళ్తే సిటలోప్రామ్ ఉంది, లీటరుకి దాదాపు 0.8 మిల్లీగ్రాములు. నేను వేసుకునే ఎస్సిటలోప్రామ్ అందులోంచి విడదీసిన సగమే. అంటే స్నానానికి పట్టుకునే ఒక బకెట్ నీళ్లలో పది మిల్లీగ్రాముల పైనే. శుద్ధి చేశాక ఉన్న నీళ్లు అవి.

మన జిల్లాలో పైడిభీమవరం వైపు మందుల కంపెనీలున్నాయి. అక్కడ ఏ మందు తయారవుతుందో, నీళ్లలో ఏం కలుస్తుందో చూడకుండా ఒక్క మాట కూడా అనను. నేనడిగేది కొలత గురించి. పర్యావరణ నియమాల్లో వ్యర్థ జలాలకి ఒక జీవ పరీక్ష ఉంది. ఆ నీళ్లలోనే చేపల్ని వదిలి 96 గంటలు చూస్తారు, నూటికి తొంభై బతికితే నీళ్లు పాసు. క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను ఇది, గర్వంగానే చెప్పాను, చేపని సాక్షిగా నిలబెట్టారు కదా అని. ఇప్పుడు చెప్తుంటే గొంతు పట్టేస్తోంది. నాలుగు రోజులు బతికున్న చేప గుంపు విడిచిందా, పిట్ట నీడ చూసి కదిలిందా, ఎవరూ రాసుకోరు. చేప బతికే ఉంది. తింటోంది, ఈదుతోంది. నా గురించి మా మేనత్త రాసిచ్చిన సర్టిఫికెట్ కూడా అదే.

ఈ ఏడాది రికార్డు పుస్తకంలో పిల్లల చేత ఇంకో గడి గీయించాను. చేప బతికిందా లేదా అన్న గడి పక్కన, కొత్త తొట్టిలో ఎన్నో నిమిషానికి పైకొచ్చింది అని. చిన్న పనే, గడియారం ఒక్కటి చాలు.

అమ్మకి ఇదంతా ఒక్కరోజులో చెప్పలేదు, కూర తరుగుతుంటే కొంచెం, సీరియల్ మధ్యలో ప్రకటనలొస్తే కొంచెం. మొదట్లో అమ్మ మాటని ఎక్కడికో లాక్కెళ్లిపోయేది, తర్వాత తర్వాత ఆవిడే అడగడం మొదలుపెట్టింది. మిగిలిన బిళ్లలు మరి ఎక్కడ పడేయాలి అని నిలదీసింది. కేరళలో కోళికోడ్ వైపు 2025లో వాడని మందులు వెనక్కి తీసుకునే ఏర్పాటు మొదలుపెట్టారని చెప్పాను, మన దగ్గర మెడికల్ షాపువాళ్లని అడిగి చూస్తానన్నాను. నేను కొనే షాపులో పెద్దాయన ఒప్పుకున్నారు, స్టాకిస్టుకి వెళ్లే ఎక్స్‌పైరీ సరుకుతో కలిపి పంపిస్తానన్నారు.

అమ్మ పాత హార్లిక్స్ సీసా ఒకటి కడిగి ఆరబెట్టి ఫ్రిజ్ మీద పెట్టింది. అలమరలో కాదు, అందరికీ కనపడేలా ఫ్రిజ్ మీద. మొన్న అది నిండితే షాపుకి పట్టుకెళ్దామని మూత తీశాను. నాన్న మార్చేసిన బీపీ బిళ్లలు, నావి ఆరు, అడుగున నేనెప్పుడూ చూడని కంపెనీ స్ట్రిప్పులు రెండు. తిప్పి చదివితే ఎస్సిటలోప్రామ్.

"ఇవెవరివమ్మా?" అన్నాను.

"పక్కింటావిడవే" అంది అమ్మ. "ఆవిడకీ డోసు మార్చారట."